పదకొండు గంటల ఇరవై నిమిషాలు

డిస్పాచ్ గది, మొదటి అంతస్తు
జనవరి 11, సోమవారం

తమ్ముడూ,

ఫోన్ చేస్తే "ఊఁ", "ఆఁ", "సరే" తప్ప నీ నోట్లోంచి నాలుగో మాట రాదు. పైగా అది ఆఫీసు ఫోను. మన ఇంటి సంగతులన్నీ ఎక్స్ఛేంజిలో కూర్చున్నవాళ్ళకి కాలక్షేపం. అందుకని ఇవాళ్టి నుంచి ఉత్తరాలు. మంగళవారం విమానంలో ఆఫీసు కాగితాల సంచి నీ దగ్గరికి వస్తుంది కదా, అందులో పడేస్తాను. గురువారం తిరుగు విమానంలో నువ్వు జవాబు పెట్టు. బద్ధకించావంటే మరదలికి చెప్తాను.

ఒకే విమానానికి ఈ చివర నేను, ఆ చివర నువ్వు. దారి, దూరం, ఇంధనం లెక్కగట్టి నేను సంతకం పెడితేగాని అది ఇక్కడ లేవదు. అక్కడ దిగాక నువ్వు చక్రాల కింద దిమ్మలు పెడితేగాని జనం కాలు కింద పెట్టరు. నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో!

నీ మేనకోడలు పిచ్చుకకి ఎనిమిదేళ్ళు నిండాయి. బడి అయ్యాక నా గదికే వచ్చి, గోడ మీది పటం ముందు నిలబడుతుంది. "మామయ్య ఎంత దూరం?" అంది మొన్న శుక్రవారం. తొమ్మిది వేల రెండు వందల పద్నాలుగు కిలోమీటర్లన్నాను. ఎంతసేపు అంది. పదకొండు గంటల ఇరవై నిమిషాలన్నాను. "పదకొండింటికి బయలుదేరి పన్నెండూ ఇరవైకి దిగుతుందని రాశావుగా, అంటే గంటా ఇరవయ్యేగా?" అని నిలదీసింది. వాళ్ళ గడియారం మనకన్నా పది గంటలు వెనక, సూర్యుడు వెళ్ళే వైపే మనమూ వెళ్తాం, అందుకని దారి పొడవునా మధ్యాహ్నమే ఉంటుందని బొమ్మ గీసి చెప్పాను. అంతా విని, "మరి ఆ పది గంటలూ ఎవరు తీసుకున్నారు?" అంది. దీనికి నువ్వే జవాబు చెప్పాలి.

అక్క


హ్యాంగర్ పక్క గది
జనవరి 13, బుధవారం

అక్కా,

ఉత్తరం అందింది. ఊఁ. ఆఁ. సరే.

కోప్పడకు. చేతికి గ్రీజు ఉంది, కాగితం మీద వేలిముద్రలు పడితే నేరస్తుడి ఉత్తరం అనుకోకు. ఇక్కడ అందరం కులాసా. మీ మరదలు కొత్త కళ్ళద్దాలు పెట్టించుకుంది. ఇప్పుడు ఇంట్లో దుమ్మంతా కనబడుతోందట. నాకు రోజూ చీపురు సేవ.

ఒక చిన్న సంగతి. నిన్న విమానం దిగాక ట్యాంకులో మిగిలిన ఇంధనం కొలిచాను. నీ కాగితం ప్రకారం మిగలాల్సినదానికన్నా తక్కువుంది. దాదాపు నలభై నిమిషాలకి సరిపడా తక్కువ. గడియారం ప్రకారం మాత్రం ఒక్క నిమిషం కూడా తేడా లేదు, పన్నెండూ ఇరవైకి దిమ్మలు పెట్టాను. ఎదురుగాలి ఏమోనని కెప్టెన్ని అడిగితే గాలే లేదన్నాడు. నీ లెక్క మరోసారి చూసుకో. లెక్కల్లో నువ్వెప్పుడూ నా తరవాతేగా.

పది గంటలు ఎవరు తీసుకున్నారో నాకూ తెలియదని పిచ్చుకకి చెప్పు.

తమ్ముడు


డిస్పాచ్ గది
ఫిబ్రవరి 15, సోమవారం

తమ్ముడూ,

లెక్కల్లో నీ తరవాతా? ఎనిమిదో తరగతి పరీక్ష ముందురోజు నా నోటుబుక్కు ఎత్తుకుపోయి మంచం కింద దాక్కున్న పెద్దమనిషి ఎవరో? ఆ రోజు చీపురు నా చేతిలో ఉంది.

నీ మాట పట్టుకుని మూడుసార్లు లెక్క చూశాను. ఎక్కడా తప్పు లేదు. కానీ ఐదు వారాలుగా ప్రతి మంగళవారం అంతే, నలభై నిమిషాల ఇంధనం మాయం. తిరుగు ప్రయాణంలో చుక్క తేడా రాదు. మా ఆఫీసు పెద్దాయన దగ్గరికి వెళ్తే, "నలభై నిమిషాలకి ఎక్కువే పోయించమ్మా, కారణం గడిలో గాలి అని రాసెయ్" అన్నారు. రాస్తున్నాను. ఇప్పుడు అన్నీ సర్దుకున్నాయి. ఒక కెప్టెన్ మాత్రం ఈ దారి వద్దని వేరే దారికి మారిపోయాడు. ఏదో ఇంటి ఇబ్బందిట.

అసలు సంగతి వేరే. ఏప్రిల్ మొదటి వారం నుంచి పిచ్చుకకి సెలవులు. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి పిల్ల నా బల్ల కింద కూర్చునే పెరుగుతోంది. ఈసారి నీ దగ్గరికి పంపుతాను, రెండు నెలలు ఉంటుంది. మెడలో నీ పేరు రాసిన అట్టముక్క వేసి, ఎయిర్‌హోస్టెస్‌కి అప్పజెప్తాను. ఇప్పటినుంచే బట్టలు సర్దుతోంది, పెట్టెలో నాకే చోటు లేదు.

అక్క


హ్యాంగర్ పక్క గది
ఫిబ్రవరి 17, బుధవారం

అక్కా,

పిచ్చుకని ఏప్రిల్లో పంపకు. మేం ఇల్లు మారుతున్నాం, అంతా చిందరవందరగా ఉంటుంది. కాస్త ఆగితే సెప్టెంబరులో నేనే వచ్చి ఓడలో తీసుకొస్తాను. పిల్లకి సముద్రం చూసినట్టూ ఉంటుంది.

తమ్ముడు


డిస్పాచ్ గది
మార్చి 1, సోమవారం

తమ్ముడికి,

నాలుగు వాక్యాలు రాశావు, నాలుగూ నాకు ఎక్కలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లోంచి కదలనివాడివి, సరిగ్గా నా కూతురు వస్తానన్న నెలలోనే ఇల్లు మారుతున్నావా? రానూపోనూ ఏడు వారాలు పట్టే ఓడలో వచ్చి తీసుకెళ్తావా, నీకంత సెలవు ఎవరిస్తారు?

మరదలికి ఇబ్బందైతే ఆ మాటే చెప్పు. నేనేమీ అనుకోను. పిచ్చుకకి మామయ్య ఊళ్ళో లేడని చెప్తాను. పిల్లలు ఏడ్చి ఊరుకుంటారు.

అక్క


హ్యాంగర్ పక్క గది
మార్చి 3, బుధవారం

అక్కా,

మీ మరదలు నీ ఉత్తరం చదివి ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. తప్పు నాది. పిల్లని పంపు. ఏప్రిల్ 6 విమానానికి మెట్ల దగ్గరే ఉంటాను.

తమ్ముడు


ఇంటి నుంచి
ఏప్రిల్ 7, బుధవారం

అక్కా,

నిన్న ఫోన్‌లో "చేరింది, బాగుంది" అని మాత్రమే చెప్పాను. ఆ రెండు మాటలూ నిజమే. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

పన్నెండూ ఇరవైకి విమానం ఆగింది. నేను దిమ్మలు పెట్టి మెట్ల కింద నిలబడ్డాను. అందరూ కళ్ళు నలుపుకుంటూ దిగారు. ఆఖర్న ఎయిర్‌హోస్టెస్ ఒక అమ్మాయిని చేయి పట్టుకుని దింపింది. మెడలో నా పేరుంది. నేను గుర్తుపట్టలేదక్కా. నువ్వు జనవరిలో పంపిన ఫోటోలో చెవుల దాకా ఉన్న జుట్టు భుజాలు దాటి ఉంది. గౌను మోకాళ్ళ పైకి పోయింది. బూట్లు చేత్తో పట్టుకుని వట్టికాళ్ళతో దిగింది. "పట్టట్లేదు మామయ్యా" అంది. గోళ్ళు ఒక్కొక్కటీ అంగుళం. మూడు విరిగిపోయి ఉన్నాయి.

ఆ ఎయిర్‌హోస్టెస్‌ని అడిగితే, "బుజ్జిది, దారంతా అల్లరి చెయ్యకుండా కూర్చుంది" అని నవ్వింది. ఆమెకేమీ తెలియదు. నిద్రమొహం.

ఇక నేను దాచింది చెప్తాను. ఫిబ్రవరి నుంచే చూస్తున్నాను. పొద్దున నున్నగా గీసుకుని ఎక్కిన మగవాళ్ళు వారం గడ్డంతో దిగుతున్నారు. ఒక పూట ప్రయాణంలో మాసిన గడ్డం కాదది. ఒకాయన మెట్ల మీదే ఆగి చెంప తడుముకుని, "ఇదేంటి?" అని నన్నే అడిగాడు. నేను దిమ్మ సరిచేస్తున్నట్టు కిందికి వంగాను. నీకు రాయాలనుకున్నాను. రాస్తే, మతి పోయిందంటారని, ఉద్యోగం పోతుందని జంకాను. అందుకే ఇల్లు మారుతున్నామని అబద్ధమాడాను. నువ్వు మీ మరదల్ని ఆడిపోసుకునేసరికి పౌరుషం వచ్చి పంపమన్నాను. నా పౌరుషం ఎంత పని చేసిందో చూడు.

నలభై నిమిషాల ఇంధనానికి ఇంత జుట్టు పెరగదు. ఎలా కలిపినా ఈ లెక్క కుదరదు.

తమ్ముడు


డిస్పాచ్ గది
ఏప్రిల్ 12, సోమవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టుకుంటూ మూడు కాగితాలు రాసి చించేశాను. ఇది నాలుగోది.

ఆ రోజు పొద్దున పిచ్చుక గోళ్ళు నేనే కత్తిరించాను. మా వంటింటి గడప మీద కూర్చుని, చిటికెన వేలు దగ్గర కదిలితే "నొప్పెట్టావమ్మా" అంది. ఆ ముక్కలింకా చేటలోనే ఉన్నాయి, ఇంటికెళ్ళినప్పుడల్లా చూస్తున్నాను.

నిన్ను అనడానికి నాకు నోరు లేదు. నేనూ దాచాను. దారి మార్చుకున్న ఆ కెప్టెన్‌కి ఇంటి ఇబ్బందేమీ లేదు. జనవరి ఆఖర్న నా గదికి వచ్చి తలుపు వేసి చెప్పాడు. సరిగ్గా సగం దారిలో, ఐదు గంటల నలభై నిమిషాల దగ్గర, విమానంలో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారే నిద్ర వస్తుందట. తన పక్కన కూర్చున్న రెండో పైలట్‌కి కూడా. తనొక్కడూ తొడ గిల్లుకుంటూ మేలుకుని ఉంటే, అద్దంలోంచి పడే ఎండ తన మోకాలి మీద అలాగే నిలిచిపోయిందట. "ఎంతసేపు మేడమ్, ఎంతసేపని చెప్పను? గడియారం ఒక నిమిషమంది. నాకు దాహం వేసి నీళ్ళు తాగి, మళ్ళీ దాహం వేసి మళ్ళీ తాగి..." అంటూ ఏడ్చాడు. అలసిపోయారు, సెలవు పెట్టండన్నాను. ఆయన మాట కాగితం మీద పెట్టలేదు. పెడితే ఈ దారి మూసేస్తారు. ఈ దారి గీసింది నేను. నా పేరు మీద ఉన్నది ఇదొక్కటే.

గాలి అని రాశాను తమ్ముడూ. వారాల తరబడి, ప్రతిసారీ అదే మాట. నా పిల్లని ఆ గాలిలోకే పంపాను.

దాని సంగతి రాయి. అన్నీ రాయి. ఏం తింటోంది, ఎలా నవ్వుతోంది. నన్ను అడుగుతోందా?

అక్క


ఇంటి నుంచి
ఏప్రిల్ 14, బుధవారం

అక్కా,

తింటోంది. మొదటి రెండు రోజులూ రొట్టె పక్కన పెట్టుకుని పడుకుంది. నవ్వుతోంది, కానీ పెద్దవాళ్ళు నవ్వినట్టు, ఎదుటివాళ్ళ కోసం నవ్వినట్టు నవ్వుతోంది. మీ మరదలు దాని జుట్టు దువ్వి రెండు జడలు వేసింది. ఒళ్ళో తల పెట్టుకుని ఒక పూటంతా అలాగే ఉండిపోయింది.

నిన్న పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నేను మెల్లగా అడిగాను.

"విమానంలో ఏం చేశావు పిచ్చుకా?"

"అందరూ పడుకున్నారు. నాకు నిద్ర రాలేదు. తర్వాత వచ్చింది. లేచేసరికి మళ్ళీ మధ్యాహ్నమే."

"ఎన్నిసార్లు పడుకున్నావు?"

"వంద దాకా లెక్కపెట్టా మామయ్యా. ఆ తర్వాత మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టా. రెండోసారి మధ్యలో మర్చిపోయా."

"ఎవర్నీ లేపలేదా?"

"లేపాను. ఆంటీని లేపితే 'ఇంకాసేపే బుజ్జీ' అని మళ్ళీ పడుకునేది. ఎప్పుడు లేపినా అదే మాట. ముందు గదిలో పైలట్ అంకుల్ కూడా 'ఇంకాసేపే' అన్నారు. ఆకలి కూడా వెయ్యలేదు. సీట్ల మధ్య నడిచేదాన్ని. ఈ చివర్నించి ఆ చివరకి డెబ్బై అడుగులు. తర్వాత్తర్వాత అరవై రెండు."

ఆ చివరి మాటకి నా చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. కాళ్ళు పొడుగయ్యాయన్నమాట.

నిన్ను అడుగుతోంది. "అమ్మకి నేను గుర్తున్నానా?" అని అడిగింది. వారం క్రితమేగా వచ్చావు అన్నాను. నా వంక జాలిగా చూసింది.

తిరుగు విమానంలో ఏ తేడా లేదు కదా, పంపేద్దామా అని ఆలోచించాను. విమానం చూపిస్తానని గేటు దాకా తీసుకెళ్ళాను. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఎత్తుకుంటే నా చేయి కొరికింది. ఇక నావల్ల కాదు. నువ్వే రావాలి.

తమ్ముడు


ఇంటి నుంచి
ఏప్రిల్ 20, మంగళవారం

తమ్ముడూ,

ఈ ఉత్తరం సంచిలో వెయ్యలేదు. మామూలు తపాలాలో, వేరే దారిన తిరిగి తిరిగి వస్తుంది.

పోయిన మంగళవారం నీ జవాబు కోసమని సంతకం పెట్టి పంపేశాను. ఇవాళ పొద్దున పెద్దాయన కాగితం నా ముందు పెట్టారు.

"సంతకం పెట్టమ్మా, ఆలస్యమవుతోంది."

"పెట్టను సార్."

"ఎందుకు?"

"ఈ కాగితం మీద రాసిన సమయం అబద్ధం."

"గడియారం సరిగ్గానే చూపిస్తోంది కదా?"

"నా కూతురి జుట్టు సరిగ్గా చూపించట్లేదు."

ఆయన నన్ను కూర్చోమన్నారు. నేను నీ ఉత్తరాలు చూపించాను. ఆ కెప్టెన్ చెప్పింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చాలా మర్యాదగా అన్నారు: "మీ ఆయన పోయాక నువ్వు సరిగ్గా నిద్రపోతున్నట్టు లేదమ్మా." తర్వాత పక్క గదిలోంచి కొత్తగా చేరినాయన్ని పిలిచారు. ఆయన నిలబడే సంతకం పెట్టేశాడు. నూట అరవై ఒక్కమంది ఎక్కారు. నేను మెట్ల దగ్గరికి పరిగెత్తి, ఎక్కకండి అని అరిచాను. ఇద్దరు కాపలావాళ్ళు చేతులు పట్టుకుని పక్కకి తెచ్చారు. వాళ్ళు రోజూ నాకు నమస్కారం పెట్టేవాళ్ళే. వరసలో ఉన్న ఒకామె నన్ను చూసి తన పిల్లాడి చెవులు మూసింది.

రేపు సరుకుల ఓడ ఒకటి వస్తోంది. నాలుగు గదులు ప్రయాణికులకి ఇస్తారట. ఇరవై నాలుగు రోజుల ప్రయాణం, పన్నెండో రోజున ఒక రేవులో ఆగుతుంది. మూడు విమానాలు మారి వేరే దారిన త్వరగా వెళ్ళొచ్చన్నారు. ఆ దారులూ నాలాంటి వాళ్ళు గీసినవే. వద్దు. ఇంటి తాళాలు మా ఆఫీసు టైపిస్టుకి ఇచ్చాను. నమ్మకమైన మనిషి. నాకేమైనా రాయాలంటే ఆ రేవులో ఓడ ఏజెంటుకి రాయి.

పిచ్చుకతో చెప్పు, అమ్మ నీళ్ళ మీద వస్తోందని.

అక్క


హ్యాంగర్ పక్క గది
ఏప్రిల్ 26, సోమవారం
(ఓడ ఏజెంటు ద్వారా)

అక్కా,

నువ్వు సంతకం పెట్టని విమానం ఇంకా రాలేదు.

మంగళవారం పన్నెండూ ఇరవైకి దిమ్మలు పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రం దాకా నిలబడ్డాను. సముద్రం మీద వెతకడానికి పడవలు బయలుదేరాయి. ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. ఎందుకంటే అది పడిపోలేదు.

మరుసటి రోజు ఉదయం ఆరూ నలభైకి మా టవరులో రేడియో పలికింది. కెప్టెన్ గొంతు. "సగం దారి దాటుతున్నాం. ఇంకా ఐదు గంటల నలభై నిమిషాల్లో దిగుతాం. అంతా సవ్యం." వీళ్ళు పిలిస్తే పలకలేదు. ఆ మర్నాడు ఆరూ నలభైకి మళ్ళీ అదే మాట. ఇవాళ్టికి ఆరు రోజులు. నన్ను కూడా పిలిచి వినిపించారు. మాట ఒకటే, గొంతు మాత్రం రోజురోజుకీ బొంగురుపోతోంది. చాలాకాలంగా ఎవరితోనూ మాట్లాడనివాడి గొంతులా ఉంది.

ఇక్కడ హాల్లో వాళ్ళ మనుషులు కూర్చుని ఉన్నారు. రాకపోకల బోర్డు మీద "ఆలస్యం" అని ఉంది. ఆ మాట తీసేసి ఏం రాయాలో ఎవరికీ తోచట్లేదు.

ఈ సంగతి ఇంట్లో మెల్లగా చెప్పాను. పిచ్చుక బొమ్మ వేయడం ఆపలేదు. "భయపడరు మామయ్యా, కొన్నాళ్ళకి అలవాటైపోతుంది" అంది. నేను బయటికొచ్చి వాకిట్లో కూర్చున్నాను.

తమ్ముడు


ఓడ, రేడియో గది పక్క గది
ఏప్రిల్ 30, శుక్రవారం

తమ్ముడూ,

ఇప్పుడే డెక్కు మీంచి దిగొచ్చి రాస్తున్నాను.

ఇక్కడి రేడియో ఆపరేటరుకి యాభై ఏళ్ళుంటాయి, ఎవరితోనూ మాట్లాడడు. నా ఉద్యోగం తెలిశాక నిన్న భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చున్నాడు. "మధ్యాహ్నం వేళ ఒక విమానం మాట్లాడుతోందమ్మా. వారం పైగా ఒకటే మాట. మనం దగ్గరయ్యేకొద్దీ గట్టిగా వినిపిస్తోంది" అన్నాడు. విమానం నంబరు చెప్పాడు. నేను సంతకం పెట్టనన్న విమానమే అది.

ఇవాళ మధ్యాహ్నం నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. మాట వినబడగానే పిలిచాను. మొదట గరగర. తర్వాత:

"డిస్పాచ్ మేడమ్ గొంతులా ఉంది. ఎక్కడినుంచి?"

"మీ కిందనుంచి. బయలుదేరి ఎంతసేపైంది కెప్టెన్?"

"ఐదు గంటల నలభై నిమిషాలు... గడియారం అలాగే అంటోంది."

"మీ గడ్డం ఏమంటోంది?"

"గుండెల మీదికొచ్చింది మేడమ్" అన్నాడు.

"మిగతావాళ్ళు?"

"పడుకున్నారు. లేపితే ఇంకాసేపే అంటారు. నేనూ అలాగే అంటున్నానేమో, తెలియదు."

"ఎండ ఏ వైపుంది?"

"ఎదురుగా. ఎప్పుడూ ఎదురుగానే."

"సూర్యుడికి వీపు పెట్టండి. వెనక్కి తిరగండి."

"ఇంధనం ముల్లు సగం దగ్గర ఆగిపోయింది. నిజంగా ఎంతుందో తెలియదు. తిరిగితే సముద్రంలో పడతామేమో. ఎవరి మాట మీద తిరగమంటారు? నా దగ్గరున్న కాగితం ముందుకే వెళ్ళమంటోంది."

"నా మాట మీద. నా సంతకం మీద. అంకెలు రాసుకోండి."

చెప్పాను. దిక్కు, ఎత్తు, దూరం, సమయం. పుస్తకం లేదు, పటం లేదు. పద్నాలుగు వారాలు గీసిన గీత, కళ్ళు మూసుకుని తిరగేసి చెప్పాను. నూట అరవై ఒక్కమంది నా నోట్లో ఉన్నట్టనిపించింది. ఒక్క అంకె తప్పు చెప్తే వాళ్ళు లేరు. ఒప్పు చెప్పినా ఉంటారో లేదో నాకు తెలియదు. అన్నీ విని ఆయన, "రాసుకున్నాను" అన్నాడు. అంతే, మళ్ళీ మాట లేదు.

నేను డెక్కు మీదికి పరిగెత్తాను. చాలా ఎత్తున, చుక్కంత మెరుపు. దాని వెనక తెల్లగీత. ఆ గీత మెల్లగా, ఎంతో మెల్లగా వంగి, వచ్చిన వైపుకే తిరిగింది. మేఘాల్లోకి పోయేదాకా చూశాను. తర్వాత చూస్తే నా పక్కన ఆపరేటరు నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

దిగిందో లేదో తెలియదు. రేవులో నీ ఉత్తరం ఉంటే తెలుస్తుంది.

అక్క


ఇంటి నుంచి
మే 1, శనివారం
(ఓడ ఏజెంటు ద్వారా)

అక్కా,

దిగింది. ఇక్కడ కాదు, మీ దగ్గర. బయలుదేరిన చోటే, పది రోజుల తర్వాత. ట్యాంకులో చుక్క లేదట. రన్‌వే మీదే ఇంజన్లు ఆగిపోయాయట. అందరూ బతికే ఉన్నారు. కెప్టెన్ తల ముగ్గుబుట్టయింది. ఎవరో ఆడగొంతు దారి చెప్పిందని, ఆ అంకెల కాగితం ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుని కూర్చున్నాడట. ఆ గొంతు నీదేనా? నీదే అయ్యుంటుంది. ఇంకెవరు అంత అధికారంగా మాట్లాడతారు?

ఇంకొకటి. దీన్ని ఎలా రాయాలో తెలియక పొద్దున్నుంచి కూర్చున్నాను.

మీ పెద్దాయన నాకు టెలిగ్రాం ఇచ్చారు. తర్వాత నేనే ఫోన్ చేసి మాట్లాడాను, ఎక్స్ఛేంజి వాళ్ళు వింటే విన్నారని. ఎక్కింది నూట అరవై ఒక్కమంది. దిగింది నూట అరవై ఇద్దరు. ఎక్కువగా దిగింది ఎనిమిదేళ్ళ పిల్ల. పొట్టిజుట్టు, నీలంగౌను, మెడలో నా పేరు రాసిన అట్టముక్క. దారిలో ఒక కునుకు తీశానంది. "మామయ్య రాలేదా?" అని అడిగిందట. అది మీ ఊరేనని చెప్తే, "అయితే అమ్మ ఏది?" అందట. మీ టైపిస్టు గుర్తుపట్టి ఇంటికి తీసుకెళ్ళింది. నీ తాళాలతో నీ ఇల్లు తీసి, దాని మంచం మీద పడుకోబెట్టింది.

పిచ్చుక ఇక్కడే ఉందక్కా. నేనిది రాస్తుంటే నా ఎదురుగా కూర్చుని పెన్సిలు చెక్కుతోంది. టైపిస్టుతో నేను మూడుసార్లు మాట్లాడాను. అక్కడున్నదాని మోచేతి మీద నువ్వు ఇస్త్రీపెట్టె తగిలించిన మచ్చ ఉంది. దీనికీ ఉంది.

దీనికి చెప్పకూడదనుకున్నాను. ఫోన్‌లో నా మాటలు వినేసింది. భయపడుతుందనుకున్నాను. పెన్సిలు పక్కన పెట్టి, "దానికి ఎవరు తోడున్నారు?" అని అడిగింది.

ఏం చెయ్యమంటావో రాయి. నాకు బుర్ర పనిచెయ్యట్లేదు.

తమ్ముడు


రేవు, ఓడ ఏజెంటు ఆఫీసు మేడ మీద
మే 6, గురువారం

తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ ఇవాళే ఇచ్చారు. సరుకు కోసం మా ఓడ మూడు రోజులుగా ఇక్కడే ఉంది. రేపు పొద్దున నీ వైపు బయలుదేరుతుంది. దాని పక్కనే మా ఊరి వైపు వెళ్ళే ఓడ ఒకటి కట్టి ఉంది. అదీ రేపే. మధ్యాహ్నమంతా ఆ రెండింటి మధ్య సిమెంటు గట్టు మీద కూర్చున్నాను. అటు పన్నెండు రోజులు, ఇటు పన్నెండు రోజులు.

ఏది నా కూతురని నన్ను నేను ఒక్కసారి అడిగాను. నాకే సిగ్గేసింది. ఒకదాన్ని నేను ఎనిమిదేళ్ళు పెంచాను. రెండోదాన్నీ ఎనిమిదేళ్ళు నేనే పెంచాను, ఆ తర్వాత ఎవరూ లేక అదే పెరిగింది. ఒకదాని దగ్గరికి వెళ్తే రెండోది "అమ్మ నా దగ్గరికి రాలేదు" అనుకుంటుంది. ఆ మాట ఏ ఒక్కదాని చేతా అనిపించలేను.

అందుకని ఎక్కడికీ రావట్లేదు. రెండు ఓడల్లోంచీ నా పేరు తీయించేశాను. టైపిస్టుకి టెలిగ్రాం ఇచ్చాను, దాన్ని తీసుకుని మొదటి ఓడలో రమ్మని. నువ్వు దీన్ని తీసుకుని రా. మరదల్ని కూడా తీసుకురా, నేను తనకి క్షమాపణ చెప్పుకోవాలి. అవును, ఆ గొంతు నాదే. సెలవు ఇవ్వకపోతే ఉద్యోగం మానెయ్, నేను మానేశాను.

ఓడ దిగిన రోజే ఏజెంటు తన మేడ మీది గది ఇచ్చాడు. కిటికీ తూర్పుకి ఉంది. పొద్దున ఎండ గోడ మీద పడుతుంది, తర్వాత మంచం మీదికి దిగుతుంది, పన్నెండింటికల్లా పోతుంది. మూడు రోజులుగా కూర్చుని చూశాను. కదులుతోంది.

మూడు మంచాలు వేయించాను.

అక్క